మోక్షగుండంలో కనిపించని మోక్షగుండం వాళ్ళు

బెంగళూరులో మా ఆఫీసులో ఏటా సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే చేస్తారు. రిసెప్షన్ దగ్గర బల్ల మీద విశ్వేశ్వరయ్య గారి ఫోటో పెట్టి, దండ వేసి, అందరికీ మైసూర్‌పాక్ పంచుతారు. ఇక్కడి వాళ్ళకు ఆయన 'సర్ ఎం.వి.'. ఇక్కడి రైల్వే టెర్మినల్‌కి ఆయన పేరే, మెట్రో స్టేషన్‌కీ ఆయన పేరే. ఈసారి ఫోటో ముందు నిలబడి ఉంటే నా పక్క సీటులో కూర్చునే అబ్బాయి, మండ్య వైపు వాడు, ఆయన కట్టించిన కేఆర్‌ఎస్ (కృష్ణరాజసాగర్) డ్యామ్ నీళ్ళతో పండిన వడ్లు తిని పెరిగినవాడు, "ఆ 'ఎం' అంటే మోక్షగుండం అని చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నా, అది వాళ్ళ నాన్న పేరా?" అని అడిగాడు. "కాదు, అది ఊరు. మా పక్క ఊరే" అన్నా. నమ్మలేదు. ఫోన్‌లో మ్యాప్ తీసి, గిద్దలూరికీ మార్కాపురానికీ మధ్యలో బేస్తవారిపేట, దాని దగ్గర మోక్షగుండం అని వేలు పెట్టి చూపిస్తే, "ఇది ఆంధ్ర కదా!" అన్నాడు. ఆంధ్రే. మా ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, నల్లమల కింద ఉన్న ఊరు.

ఆ రోజు నుంచీ ఈ పోస్ట్ రాయాలని ఉంది. విశ్వేశ్వరయ్య గారి గొప్పతనం గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయాలనుకున్నది ఆయన పేరుకు ముందున్న ఆ ఒక్క మాట గురించి.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను చిన్నప్పుడు మోక్షగుండం వెళ్ళాను, చుట్టాల పెళ్ళికి. అక్కడ శివుడి పేరు ముక్తేశ్వరుడు. ఊరి పేరులో మోక్షం, దేవుడి పేరులో ముక్తి. ఇంజినీర్ గారి సంగతి అప్పటికే మా సార్ క్లాసులో చెప్పి ఉండటంతో, పందిట్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన్ని "ఇక్కడ మోక్షగుండం ఇంటిపేరు వాళ్ళు ఎవరింట్లో ఉంటారు తాతా?" అని అడిగా. ఆయన తింటున్న ముద్ద ఆపి, "మోక్షగుండంలో మోక్షగుండం వాళ్ళు ఎందుకుంటార్రా? ఉన్నోళ్ళందరం మోక్షగుండమోళ్ళమే గదా!" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. అర్థమవడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

ఊరి పేరు ఇంటిపేరుగా ఎప్పుడు మారుతుంది? ఆ ఊరు వదిలేసినప్పుడు. ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేరుతో పని లేదు, ఎందుకంటే అది అందరిదీ కాబట్టి ఎవరినీ వేరు చేసి చూపించదు. ఇంకో ఊరికి వెళ్ళి ఒక ఇల్లు కట్టుకున్నాక, ఆ కొత్త ఊరివాళ్ళు "వీళ్ళెవరు?" అంటే "మోక్షగుండం నుంచి వచ్చినోళ్ళు" అంటారు. ఒక తరం గడిస్తే "నుంచి వచ్చిన" అన్న ముక్క రాలిపోతుంది, "మోక్షగుండమోళ్ళు" అని మిగులుతుంది. ఇంకో తరానికి అది పెళ్ళి శుభలేఖ మీద ఎక్కుతుంది. అంటే ఆ ఇంటిపేరు పెట్టింది వదిలి వచ్చిన ఊరు కాదు, చేరుకున్న ఊరు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. మా వీధిలోనే జరిగింది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్టాయన తండ్రి కంభం నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు. కంభం మాకేమీ దూరం కాదు, ఆర్టీసీ బస్సులో పల్లీలు తినేలోపు వచ్చేస్తుంది. అయినా వాళ్ళు మా ఊరికి 'కంభమోళ్ళు'. "కంభమోళ్ళ కొట్లో అర్ధ కేజీ బెల్లం తీసుకురా" అనేది మా జేజి (నాన్నమ్మ). వాళ్ళ అసలు ఇంటిపేరు వేరే ఉంది, రేషన్ కార్డులో అదే ఉంటుంది, కానీ ఊళ్ళో పది మందిని నిలబెట్టి అడిగితే ఇద్దరు చెప్తే గొప్ప. కార్డులూ, రిజిస్టర్లూ లేని రోజుల్లో అయితే ఆ అసలు పేరు ఈపాటికి పోయేది. వాళ్ళ మనవల కాలానికి వాళ్ళు నిజంగానే 'కంభం' ఇంటిపేరు వాళ్ళు అయిపోయేవాళ్ళు.

మా జేజిదీ ఇలాంటి కథే. ఆమెను ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు గుర్తు లేరు. ఆమె పుట్టిల్లు తర్లుపాడు, కాబట్టి జీవితాంతం 'తర్లుపాడామె'. మా పక్కింటామె గిద్దలూరామె. ఎదురింటామె కొమరోలామె. పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది తెలిసిందే. నా దృష్టిలో ఇదే చాలా పెద్ద విషయం. ఊరి పేరుతో మనిషిని పిలిచే పద్ధతి ఆడవాళ్ళ విషయంలో ప్రతి ఇంట్లో, ప్రతి తరంలో జరిగింది, జరుగుతూనే ఉంది. కానీ మా జేజితో పాటే ఆ 'తర్లుపాడు' పోయింది, మా నాన్నకి రాలేదు. మగవాళ్ళు వలస వెళ్తే ఆ పేరు ఇంటిపేరై మూడు వందల ఏళ్ళు నిలిచింది, ఆడవాళ్ళు వలస వచ్చినప్పుడు పెట్టిన పేరు ఒక్క తరమే నిలిచింది. ఇంటిపేర్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ సగం లెక్క ఎవరూ వేయరు, నాకు అది బాధగా ఉంటుంది.

సరే, మోక్షగుండానికి వద్దాం. ఆ పేరులో 'గుండం' అంటే లోతైన నీటి మడుగు. కొండ వాగు దూకే చోటో, గుడి పక్కనో ఉండేది. గోదావరి ఒడ్డున రామగుండం ఉంది, వేములవాడ రాజన్న గుడి కోనేరును ధర్మగుండం అంటారు, మా పక్కనే రాచర్ల మండలంలో గుండ్లకమ్మ మీద నెమలిగుండం ఉంది, అక్కడ రంగనాయక స్వామి గుడికి శనివారం శనివారం జనం వెళ్తారు. నిప్పుల గుండం వేరే సంగతి. మా ప్రాంతంలో గుండం అంటే ముందు నీళ్ళే గుర్తొస్తాయి. మునిగితే మోక్షం వచ్చే మడుగు అన్నమాట. పుట్టినప్పటి నుంచీ నీళ్ళ లెక్కలతోనే బతికిన మనిషికి ఇంటిపేరు ఒక మడుగు పేరు కావడం నాకు చాలా ఇష్టమైన విషయం. అదీగాక ఆ ఊరికి దగ్గర్లోనే కంభం చెరువుంది, గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన కట్ట. ఇప్పటికీ నీళ్ళిస్తోంది. 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు, మా ఊళ్ళో ఆ రోజు వాట్సాప్ నిండా అదే ఫోటో.

విశ్వేశ్వరయ్య గారు మాత్రం ఇక్కడ పుట్టలేదు. 1861లో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టారు, నంది కొండల పక్కన. తండ్రి శ్రీనివాస శాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆ కుటుంబం అంతకు చాలా తరాల ముందే ఇక్కడి నుంచి వెళ్ళిపోయింది. రోడ్డు మీద చూసుకుంటే మూడు వందల కిలోమీటర్ల పైమాటే. బండ్ల మీదో, కాలినడకనో, మధ్యలో ఎక్కడెక్కడ ఆగుతూ వెళ్ళారో. వెళ్ళిన చోట కన్నడం నేర్చారు, ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు, పేరు ముందు మోక్షగుండం నిలుపుకున్నారు. అందుకే ఆ ఇంటిపేరు వాళ్ళను వెతకాలంటే బేస్తవారిపేట బస్టాండులో దిగి లాభం లేదు. చిక్కబళ్ళాపురం, కోలారు, బెంగళూరు వైపు చూడాలి.

ఇంత అరుదైన ఇంటిపేరు ఎందుకైంది అనేదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. కొత్తపల్లి అనే ఊరు చాలా జిల్లాల్లో ఉంటుంది, కాబట్టి కొత్తపల్లి వాళ్ళు ఇద్దరు ఎక్కడైనా కలిస్తే ఒకే ఊరి మూలం అని చెప్పలేం, ఒకరిది గోదావరి జిల్లాల కొత్తపల్లి, ఇంకొకరిది కరీంనగర్ కొత్తపల్లి కావచ్చు. మిరియాల, శొంఠి, పసుపులేటి లాంటివి కూడా రకరకాల చోట్ల ఎవరికి వాళ్ళకు వచ్చి ఉండొచ్చు. మోక్షగుండం లాంటి పేరు ఊరూరా ఉండదు. చిన్న ఊరు, అందులోంచి దూరంగా వెళ్ళిన కొద్ది ఇళ్ళు. కాబట్టి ఆ పేరు వినపడితే చాలు, ఆ ఇల్లు ఎక్కడి నుంచి కదిలిందో వేలు పెట్టి చూపించొచ్చు. నాకు తెలిసిన ఏ చరిత్ర కాగితం కూడా ఒక మామూలు కుటుంబం గురించి ఇంత కచ్చితంగా చెప్పదు.

ఊరు కదలకుండానే ఊరి పేరు ఇంటిపేరైన వాళ్ళూ ఉన్నారులెండి. అగ్రహారం దానంగా అందుకున్నవాళ్ళు, తరతరాలుగా ఒకే ఊరికి కరణీకం చేసినవాళ్ళు. అది వేరే దారి, ఊరి మీద హక్కును చెప్పే పేరు. నేను చెప్తున్నది దారిన పోయినవాళ్ళ గురించి.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను. మాకు దగ్గర్లోనే అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజ స్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే కావేరి ఒడ్డున కన్నుమూశారు. పూర్వీకులు మాత్రం మా కంభం సీమ నుంచి వెళ్ళినవాళ్ళు. ఒక్కసారి మ్యాప్ మీద చూడండి. పక్కపక్క మండలాలు, రెండు చిన్న ఊళ్ళు. ఒక ఊరి పేరు మైసూరు సీమకు వెళ్ళి డ్యాములు కట్టింది, ఇంకో ఊరి పేరు కావేరి డెల్టాకు వెళ్ళి కీర్తనలు కట్టింది. మా వాళ్ళలో చాలామందికే ఈ సంగతి తెలియదు. బేస్తవారిపేటలో టీ కొట్టు దగ్గర నేను ఈ మాట చెప్తే "నిజమా అన్నా?" అని నలుగురు ఫోన్లు తీశారు.

బ్రాహ్మణుల్లో ఇద్దరిదీ ఒకే శాఖ కూడా. త్యాగరాజ స్వామిది మురికినాడు శాఖ అంటారు, విశ్వేశ్వరయ్య గారిది ములకనాడు అంటారు, రెండూ ఒకటే, ములికినాడు అనే పాత సీమ పేరు నోళ్ళలో నానిన రూపాలు. కడప, కర్నూలు, మా పడమటి ప్రకాశం వైపు నేలకు ఉన్న పాత పేరు అది. చూశారా, పొరలు పొరలుగా ఉంది. ఊరు దాటితే ఊరి పేరు అంటుకుంది, సీమ దాటితే సీమ పేరు అంటుకుంది. ఇప్పుడు ఆ నాడు పేరుతో జిల్లా లేదు, మండలం లేదు. వలస వెళ్ళినవాళ్ళ శాఖ పేరులోనే అది బతికుంది. మా ఊళ్ళే చూసుకుంటే, ఒకప్పుడు కర్నూలు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అటు కలిశాం, 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. సర్కారు హద్దులు ఎన్నిసార్లు మారినా కాకర్ల కాకర్లే, మోక్షగుండం మోక్షగుండమే.

ఎందుకు వెళ్ళారు అంటే, తంజావూరు వైపు వెళ్ళినవాళ్ళ సంగతి కొంత తేలిగ్గానే చెప్పొచ్చు. విజయనగరం కింద పదహారో శతాబ్దంలో తంజావూరులో నాయక రాజుల పాలన మొదలైంది. వాళ్ళు తెలుగువాళ్ళు, ఆస్థానంలో తెలుగు. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. పండితుడికి, పాటగాడికి, శాస్త్రికి అక్కడ భూమి దొరికింది, తిండి దొరికింది, వినేవాళ్ళు దొరికారు. మెలట్టూరులో ఇప్పటికీ ఏటా భాగవత మేళం ఆడతారు, ఆడేది తమిళ దేశంలో, పాడేది తెలుగులో.

సర్వేపల్లి కూడా ఇలాంటిదే. నెల్లూరు జిల్లాలో ఊరు. రాధాకృష్ణన్ గారు పుట్టింది 1888లో తిరుత్తణి వైపు. ఆ పేరు చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చివర 'న్' చేరి పేరు తమిళం అయిపోయింది, ముందు మాత్రం నెల్లూరు ఊరు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కొడుకు, చరిత్రకారుడు గోపాల్ గారి పేరు ముందు కూడా అదే సర్వేపల్లి.

అందరికీ ఇలా నిలవలేదు. తమిళనాడులో పేరు ముందు ఇనిషియల్ అంటే తండ్రి పేరు. అక్కడి తెలుగు ఇళ్ళలో చాలామటుకు ఇంటిపేరు స్కూల్ సర్టిఫికెట్ మీద ఎక్కనే లేదు. కోయంబత్తూరు నుంచి వచ్చిన నా కాలేజీ స్నేహితుడు ఒకడు, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, వాడికి ఇంటిపేరు ఉందన్న సంగతి పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు తెలిసింది. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు, అందుకని అడగాల్సి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ గబుక్కున చెప్పిందట, నిన్ననే ఆ ఊరి నుంచి వచ్చినట్టు. ఆ పేరుతో వాళ్ళకు ఇంకో అవసరం లేదు, పెళ్ళి మాటల్లో ఒక్కసారి బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టేస్తారు, అయినా వందల ఏళ్ళు మోసుకొచ్చారు.

మన దగ్గర ఇంకో రకంగా పోతోంది. ఇంటిపేరు ముందు రాయడం మన పద్ధతి, పొట్టిగా ఒక్క అక్షరం చేసేయడం మన అలవాటు. మోక్షగుండం 'ఎం' అయింది, సర్వేపల్లి 'ఎస్' అయింది. ఆ అక్షరం వెనకాల ఏముందో మూడో తరానికి తెలియదు. మా అన్న కూతురి పాస్‌పోర్టుకు అప్లై చేసినప్పుడు ఫారం నింపిన ఏజెంటు ఇంటిపేరు గడిలో మా అన్న పేరు రాసి, ఇంటిపేరును ఎక్కడా రాయకుండా వదిలేశాడు. "ఒక్క అక్షరమే కదా సార్, ఏం కాదు" అన్నాడట. సరిచేయించుకోవడానికి మూడు నెలలు, చాలా టెన్షన్ పడ్డారు. మా అన్నయ్యకు టికెట్ల గురించి టెన్షన్, నాకు వేరే బాధ. ఆ ఒక్క అక్షరం ఒక ఊరు. అది ఆ పిల్ల కాగితాల్లో లేకపోతే ఇంకెక్కడా ఉండదు.

మీ ఇంటిపేరు ఊరి పేరే అయితే, ఆ ఊరు ఎక్కడో తెలియకపోతే, నేను చేసే పని చెప్తా. ముందు ఇంట్లో పెద్దవాళ్ళను కులదైవం ఎక్కడ అని అడుగుతా, ఊరి పేరు మర్చిపోయినవాళ్ళు కూడా మొక్కు చెల్లించే గుడి మర్చిపోరు. తర్వాత ఆ చుట్టుపక్కల మ్యాప్‌లో ఆ పేరున్న ఊరు ఉందేమో చూస్తా. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు ఉన్నాయి, ఏ ఊరిని ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరికిచ్చారు, ఎవరెటు వెళ్ళారు అని అందులో కరణాలు చెప్పిన మాటలుంటాయి, కడప జిల్లావి అచ్చయ్యాయి కూడా. అన్నీ నిజమని కాదు, వాళ్ళు విన్నది చెప్పారు. కానీ మీ ఇంటిపేరు ఒక పాత కాగితంలో ఊరిగా కనపడితే ఆ క్షణం ఎలా ఉంటుందో చెప్పలేను.

విశ్వేశ్వరయ్య గారు తన ఇంటిపేరు ఊరికి ఎప్పుడైనా వచ్చారో లేదో గానీ, తెలుగు నేలకు మాత్రం వచ్చారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాదును ఊడ్చేసి వేల మందిని పొట్టన పెట్టుకుంటే, ఆ తర్వాతి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. పైన రెండు చోట్ల నీళ్ళు ఆపాలని ఆయన చెప్పిన పథకం నుంచే ఉస్మాన్‌సాగర్ వచ్చింది, హిమాయత్‌సాగర్ వచ్చింది. మనం గండిపేట అని పిలిచే ఆ చెరువు నీళ్ళు తాగినవాళ్ళలో విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు మా పక్క ఊరిదని ఎంతమందికి తెలుసు? ఖైరతాబాద్‌లో ఆయన విగ్రహం దాటి వెళ్ళినప్పుడల్లా నాకు మోక్షగుండం పెళ్ళి పందిట్లో తాత గుర్తొస్తాడు.

మొన్న దసరాకు ఊరెళ్ళినప్పుడు కంభమోళ్ళ కొట్టు మూసి ఉంది. ఏమైందని అమ్మను అడిగా. కొట్టాయన కొడుకు మార్కాపురంలో కొట్టు పెట్టుకున్నాడట, ముసలాయన్ని కూడా తీసుకెళ్ళిపోయాడట, వ్యాపారం బాగానే ఉందట. అమ్మ ఏదో పని మీద మార్కాపురం వెళ్ళి, ఆ వీధిలో "కంభమోళ్ళ కొట్టు ఎక్కడ?" అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారట. కాసేపయ్యాక ఒకామె, "ఫలానా ఊరోళ్ళ కొట్టేనా?" అని మా ఊరి పేరు చెప్పి, చెయ్యెత్తి చూపించిందట.